మిరప గింజకో హాట్ కీ

జాతకాల కొట్టు వెనక గదిలోకి అడుగు పెట్టేసరికే ఏజెంట్ జక్రయ్యకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

గుంటూరు కొత్తపేటలో ‘కంప్యూటర్ జాతకం: పది నిమిషాల్లో మీ భవిష్యత్తు’ అన్న బోర్డు కింద ఉంటుంది ఆ కొట్టు. ముందు గదిలో భవిష్యత్తు అమ్ముతారు, వెనక గదిలో దాన్ని కాపాడతారు. విత్తన నిఘా విభాగం హెడ్ క్వార్టర్స్ అదేనని గుంటూర్లో నరమానవుడికి తెలియదు. కౌంటర్ మీద మనిషి “మీ నక్షత్రం?” అని అడగాలి. వచ్చినవాడు “నాకు చుక్కలు పగలే కనపడతాయి” అనాలి. అదీ కోడ్‌వర్డ్. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి చేత ఇలా చుక్కలు లెక్కపెట్టిస్తున్న వాళ్ల మీద జక్రయ్యకు ఎప్పుడూ ఉండే కోపం ఒకటుంది. ఇవాళ్టిది అది కాదు.

ఇవాళ్టి కోపం జేబులో ఉంది, టెలిగ్రాం రూపంలో. ఒకే మనిషి రేపు ఒకే రోజున సింగరాయకొండలోనూ, వాడరేవులోనూ, పర్చూరులోనూ ఉండాలట. ఏజెంట్ అన్న మాటలోనే ఏజ్ ఉంది. నలభై ఆరేళ్లు నిండాక అది మాటలోంచి దిగి జక్రయ్య మోకాళ్లలో కాపురం పెట్టింది. ఆ మోకాళ్లతో మూడు ఊళ్లు.

“కూర్చో జక్రయ్యా” అన్నాడు చీఫ్ రామచంద్రమూర్తి, తల తిప్పకుండానే. చీఫ్ అన్న పదవిని జక్రయ్య మనసులో ఎప్పుడూ ఒత్తు తీసేసి చీప్ అనే పలుకుతాడు. ఆయన ముందు కొత్త కంప్యూటర్, దాని తెర మీద మూడు పెట్టెలు.

“చూశావా? మల్టీటాస్కింగ్. ఒక విండోలో జాతకం, ఒక విండోలో మన ఫైళ్లు, ఒక విండోలో నా టీఏ బిల్లు. మూడూ ఒకేసారి నడుస్తున్నాయి.”

“నడవట్లేదు సార్, పాకుతున్నాయి.”

అది నిజం. పది నిమిషాల భవిష్యత్తు కోసం పొద్దున వచ్చినాయన ముందు గదిలో బెంచీ మీద గురక పెడుతున్నాడు. ఆయన పుట్టిన ఘడియ తెర మీద సగం వచ్చి ఆగింది. పాత రోజుల్లో ఇదే డబ్బా ఒక్క జాతకాన్ని గడగడా అచ్చుగుద్దేది. డాస్ అంటే దాసుడు. ఒకసారి ఒక్క యజమాని మాట వింటాడు. ముగ్గురు యజమానులను నెత్తినెక్కిస్తే దాసుడు చేసేదేముంది, ముగ్గురికీ వంగి వంగి దండం పెట్టడం తప్ప.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ‘గ్రీన్ గ్లవ్’ అని ఒక విదేశీ ముఠా ఉంది. దేశదేశాల్లో నాటు విత్తనాన్ని నాశనం చేసి, దాని స్థానంలో ఒక్క పంటకే పనికొచ్చే తమ గింజ అమ్ముకోవడం వాళ్ల వ్యాపారం. పోయినేడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప తోటలను ముడత తెగులు ఊడ్చి పెట్టాక వాళ్ల కన్ను ఇటు పడింది. కానీ ఆ ముడతకు లొంగని మిరప రకాన్ని మనవాళ్లు పట్టారు. పేరు ‘కొరివి’. ఉన్న విత్తనమంతా పర్చూరు శివారులో రైతుల విత్తన సంఘం వారి డ్రయ్యర్లో ఆరుతోంది. రేపు సాయంత్రం రైతులకు పంచుతారు. తొలకరికి నారు పోస్తారు. ఈలోపు ఆ గింజ మాడిందా, మళ్లీ ఇంత విత్తనం కట్టాలంటే ఏళ్లు పడుతుంది.

కొరివి మాడితే రైతుకు తలకొరివే. ఈ మాట జక్రయ్య పైకి అనలేదు. అతని తమ్ముడు మార్క్ పర్చూరు పక్కనే కౌలుకు చేస్తాడు. పోయినేడు ముడతకు తోటంతా పోయి, పిడుగురాళ్ల వెళ్లి సున్నపు బట్టీల్లో పని చేశాడు. తిరిగొచ్చేసరికి చేతుల మీద చర్మం లేదు, దగ్గు మాత్రం ఉంది. ఇప్పుడు మడి దున్ని, ఎరువు తోలి, కొరివి గింజ కోసం కూర్చున్నాడు. గింజ రాకపోతే మళ్లీ బట్టీకే. అన్నయ్య చేసే ఉద్యోగమేమిటో మార్క్‌కు తెలియదు. ఏదో గోదాంలో గుమస్తా అనుకుంటాడు.

“ముఠా మనిషి సింగరాయకొండ గుడి దగ్గర ఒకడున్నాడని కబురు, వాడరేవు తీరంలో ఒక పడవ ఉందని కబురు. డ్రయ్యర్ దగ్గర నువ్వు స్టాక్ క్లర్కు వేషంలో ఉండనే ఉన్నావు. మూడూ నువ్వే చూసుకోవాలి” అన్నాడు చీఫ్.

“ఒకదాని తర్వాత ఒకటి చూస్తాను సార్.”

“అదే మీ పాత కాలం వాళ్ల జబ్బు. అన్నీ ఒకేసారి చూడు. జాస్మిన్‌ని చూసి నేర్చుకో.”

అప్పుడే తలుపు తోసుకుని జాస్మిన్ వచ్చింది. సింగపూర్ కంప్యూటర్ కన్సల్టెంట్. గంధం రంగు సిల్కు చీర, వేలెడు ఎత్తు మడమల చెప్పులు, గది నిండా వాసన. ఆమె గ్రీన్ గ్లవ్ లోపలే పని చేస్తూ రహస్యాలు మనకు చేరవేసే మన మనిషి అని చీఫ్ పరిచయం చేశాడు. డబుల్ ఏజెంట్ అట. డబుల్ కా మీఠా అన్నంత తియ్యగా పలికాడు ఆ మాట.

రెండు చోట్లా జీతం తీసుకునే మనిషి ఎవరికి పని చేస్తున్నట్టు అని జక్రయ్య అడిగాడు. ఇద్దరికీ అని, అదే మల్టీటాస్కింగ్ అని చీఫ్ నవ్వాడు. డ్రయ్యర్ కంప్యూటర్లో కూడా ఇవాళ మధ్యాహ్నం ఆమే ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుందని చెప్పి, టెక్నికల్ సెక్షన్ పంపిన బూట్లు టేబుల్ మీద పెట్టాడు. ఎడమ మడమ తిప్పితే వైర్ కట్టర్ బయటికొస్తుంది. కుడి మడమ గట్టిగా తొక్కితే ఊరంతా లేచేటంత సైరన్. బూట్లు జక్రయ్య సైజుకు ఒక నంబరు తక్కువ. ఈ విభాగంలో సరిపోయేది కోపం ఒక్కటే.

*

పర్చూరు డ్రయ్యర్లో కంప్యూటర్ ఉన్న గది ఒక గర్భగుడి. ఏసీ, అద్దాల తలుపు, దాని మీద ‘చెప్పులు బయట విడువవలెను’ అన్న బోర్డు. దుమ్ము పడితే కంప్యూటర్ చచ్చిపోతుందని అప్పట్లో అందరి నమ్మకం. ప్రెసిడెంటు దగ్గర్నుంచి హమాలీ దాకా అక్కడికి రాగానే కాళ్లు వాటంతటవే చెప్పులు జారవిడుస్తాయి. జక్రయ్య కూడా కొత్త బూట్లు బయట విప్పి లోపలికెళ్లాడు. జాస్మిన్ మాత్రం టక్కు టక్కుమంటూ అలాగే నడిచొచ్చింది.

ఆపరేటర్ కరీమున్ ఆ కాళ్ల వంక చూసి ఊరుకుంది. ప్రెసిడెంటు గారు మేడం గారికి పర్లేదులే అన్నాడు. దానితో జక్రయ్యకు మళ్లీ మండింది. మన దుమ్ముకే కంప్యూటర్ చస్తుంది, సింగపూర్ దుమ్ముకు చావదు కాబోలు.

కరీమున్‌కు పాతికేళ్లుంటాయి. ఆ డబ్బాను పసిపిల్లలా చూసుకుంటుంది. ఏ ఫైలు తెరిచినా మొదటి వరసలో 786 అని కొట్టకుండా రెండో అక్షరం కొట్టదు. కంప్యూటర్ పొద్దున్నే లేచి చదువుకునే స్టార్టప్ ఫైలు నెత్తిన కూడా అదే అంకె. కంప్యూటర్‌కు అదేం అర్థం కాదు, దాటేసి కిందకెళ్తుంది. పక్కింటి వాళ్లు శ్రీ చుట్టుకున్నట్టు ఆ పిల్లకు అది అలవాటు.

ఆమెకు ప్రాణప్రదమైనది ఇంకొకటుంది, పాప్-అప్ లెక్కల పెట్టె. ఏ పనిలో ఉన్నా సరే, హాట్ కీ నొక్కితే, అంటే కంట్రోల్, ఆల్ట్ రెండు కీలూ కలిపి కొడితే, తెర మధ్యలోకి దూకుతుంది. బస్తాల తూకం, తేమ శాతం లెక్క చూసుకుని ఎస్కేప్ కొడితే మాయం. పని అయిపోయినా మెమరీ వదిలి పోదు. మూల కూర్చుని మళ్లీ పిలుపు ఎప్పుడా అని చూస్తుంటుంది. ఇంగ్లీషులో దీన్ని టెర్మినేట్ అండ్ స్టే రెసిడెంట్ అంటారు. మన ఇళ్లల్లో ఇల్లరికపు అల్లుడంటారు. గుమస్తా వేషంలో ఏళ్ల తరబడి మూల కూర్చుని, పిలిస్తే దూకే జక్రయ్యకు ఆ పెట్టె మీద మొదటి రోజు నుంచే అభిమానం.

దానితో చిక్కు ఒక్కటే. అది దూకిందంటే మిగతాదంతా శిల. డ్రయ్యర్ హీటర్లు కంప్యూటర్ నుంచి టకటకా సంకేతం వస్తున్నంతసేపే మండుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. కరీమున్ లెక్క చూసుకుంటున్నంతసేపు సంకేతం ఆగుతుంది, అద్దంలోంచి కనపడే ఎర్రలైటు ఆరుతుంది, ఫ్యాన్ల హోరు ఆగుతుంది. లెక్క అవగానే మళ్లీ మొదలు.

“ఒక్క కూడికకు ఇంత ఫ్యాక్టరీ ఆగాలా?” అంది జాస్మిన్, ప్రెసిడెంటు వైపు తిరిగి. “నా మల్టీటాస్కింగ్ వేస్తే ఈ అమ్మాయి ముందు విండోలో లెక్కలు చేసుకుంటుంది, వెనక విండోలో డ్రయ్యర్ తన పని తాను చేసుకుంటుంది. దేనికీ దేనితో పని లేదు.”

“నేను లెక్క చూసుకుంటుంటే నా వెనకాల ఏం జరుగుతోందో నాకెట్టా తెలుస్తుందండీ?” అంది కరీమున్.

“తెలియక్కర్లేదు. అదే అందులో అందం.”

ప్రెసిడెంటు గారు ఆ అందానికి తలూపాడు. జాస్మిన్ స్టార్టప్ ఫైలు తెరిచి, పాప్-అప్ ఉన్న వరస చెరిపేసి, అట్టడుగున తన సాఫ్ట్‌వేర్ వరస చేర్చింది. నెత్తిన ఉన్న 786 చూసి, ఇదేదో మీ దేవుడి నంబరా అని నవ్వింది. కరీమున్ నవ్వలేదు. అంత లెక్కల పెట్టె కావాలంటే విండో లోపల పెట్టుకోమని చెప్పి, కరెంటు ప్లగ్గులున్న ఇనప బోనుకు తాళం వేసి, చెవి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని జాస్మిన్ వెళ్లిపోయింది. కరెంటు తీగలతో ఎవరూ ఆడకూడదట, కొత్త సాఫ్ట్‌వేర్ సుకుమారమట.

మర్నాడు పొద్దున కంప్యూటర్ వేసే ముందు కరీమున్ చేసిన పని జక్రయ్య కళ్లారా చూశాడు. తన పెట్టె వరసను మళ్లీ తెచ్చి, సరిగ్గా 786 కిందే, అన్నిటికన్నా ముందు పెట్టుకుంది. ఆ తర్వాతే మిషను ఆన్ చేసింది.

“విండోలో పెట్టుకోమంది కదమ్మా ఆవిడ” అన్నాడు జక్రయ్య.

“నాది నేను పైన పెట్టుకుంటానండీ ఆనందరావు గారూ. ఆవిడతో అనబాకండి.” ఆనందరావు అంటే జక్రయ్య వేషం పేరు. పెట్టె విండో లోపల ఉండటానికీ, పైన ఉండటానికీ తేడా ఏమిటో అతను ఆ పూట ఆలోచించలేదు. వాడరేవు బస్సుకు టైమైపోతోందన్న చిరాకులో ఉన్నాడు. సింగరాయకొండ సంగతి ముందే కొట్టేశాడు. దైవదర్శనం చీఫ్‌నే చేసుకోమని మనసులో అనుకున్నాడు.

*

వాడరేవులో జక్రయ్య ఎండుచేపల వ్యాపారి. తలకు తువ్వాలు, చంకలో తట్ట, కాళ్లకు మాత్రం ఆ ఇరుకు బూట్లే. ఇసకలో చేపలు ఆరబెడుతున్న రెబ్కా అనే ఆమె దగ్గర బేరం మొదలుపెట్టి, మెల్లగా మాట పడవ మీదికి మళ్లించాడు. ఆమెకు ఎవరితోనైనా చెప్పాలని నోరు దురదగానే ఉంది. ఒక తెల్లదొర వచ్చి పడవ కుదుర్చుకున్నాడట. చేప కొనడు, వల వెయ్యడు. ఎండలో కూర్చుని పెట్టెతో మాట్లాడతాడట. మనిషికి మతి చెడిందేమోనని ఆమె అనుమానం.

జక్రయ్య తట్ట నెత్తిన పెట్టుకుని పడవ పక్కగా నీళ్లల్లో నడిచాడు. వైర్‌లెస్‌లో దొర అడుగుతున్నాడు, అంతా సిద్ధమేనా అని. సిద్ధమే అంది అవతలి గొంతు. తెర మీద నలభై డిగ్రీలే కనపడుతుందట, వెనక మాత్రం డెబ్బై దాకా ఎక్కుతుందట. సాయంత్రం తెర నలభై చూపిస్తుండగానే రైతులు చచ్చిన గింజను బస్తాల్లో మోసుకుపోతారట. నారుమడిలో ఒక్క మొలకా రానప్పుడు గ్రీన్ గ్లవ్ గింజ లారీల్లో దిగుతుందట.

“మరి మీ ముసలి ఏజెంట్?” అన్నాడు దొర.

“పడవలు లెక్కపెట్టుకుంటున్నాడు” అని ఆ గొంతు నవ్వింది. జాస్మిన్ గొంతు.

జక్రయ్యకు కళ్లల్లో నెత్తురు దిగింది. చంపేస్తామన్నవాళ్లను చాలామందిని చూశాడు, వాళ్ల మీద ఇంత కోపం రాలేదు. గింజను చంపి, చచ్చిన గింజను మార్క్ చేతికిచ్చి, వాడి చేతే నీళ్లు పోయించి, మొలక కోసం రోజూ మడి గట్టున గొంతుక్కూర్చోబెడతారన్నమాట. చివరికి వాడు తన చేతి తప్పేననుకుని బట్టీకి పోతాడు. మల్టీటాస్కింగ్ కాదిది, మల్టీతస్కరింగ్. ముందు విండోలో దండం, వెనక విండోలో దొంగతనం.

ఆ దొర పడవ కదలకుండా చూడమని రెబ్కాతో చెప్పి, రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తాడు. జాస్మిన్ మన మనిషి కాదు, వాళ్ల మనిషి అని చీఫ్‌తో చెప్పాడు. “ఒక్క నిమిషం లైన్లో ఉండవయ్యా, మూడు పనుల్లో ఉన్నాను” అన్నాడు చీఫ్. లైన్లో వెనకనుంచి ప్రింటర్ మూలుగు, జాతకం వచ్చిందా అని ఎవరో అడగడం వినిపించాయి. జక్రయ్య ఫోను పెట్టేశాడు. పెట్టేశాడంటే మర్యాద, బూత్ ఆయన ఇప్పటికీ ఆ ఫోనుకు తాడు కట్టే వాడుతున్నాడు.

చేపల ఐసు లారీ ఒకటి చిలకలూరిపేట వైపు పోతోంది. డ్రైవర్ నన్నే సాహెబ్ ఆ మొహం చూసి ఎందుకు ఏమిటి అని అడక్కుండా ఎక్కించుకున్నాడు.

*

డ్రయ్యర్ ముందు ఖాళీ గోతాలు పట్టుకుని రైతులు వరస కట్టి కూర్చున్నారు. మార్క్ అందులోనే ఉన్నాడు. అన్నయ్య నెత్తిన చేపల తట్టేమిటో అర్థంగాక “ఏందన్నయ్యా ఈ అవతారం?” అన్నాడు. జక్రయ్య తట్ట వాడి చేతుల్లో పడేసి లోపలికి ఉరికాడు. కంప్యూటర్ కరెంటు తీగ కోస్తే చాలు. వైర్ కట్టర్ ఎడమ మడమలో ఉంది.

అద్దాల తలుపు తోసి, గదిలోకి దూకి, ఇనప బోను పక్కన మోకాలి మీద కూర్చుని ఎడమ కాలి మీద చెయ్యి వేశాడు. అరికాలు తగిలింది.

బూట్లు బయట ఉన్నాయి. ఏళ్ల అలవాటు. తలుపు దగ్గర తనకు తెలియకుండానే రెండూ విప్పి, బుద్ధిగా గోడ వారకు నెట్టి మరీ వచ్చాడు.

“వెతుక్కుంటున్నారా, జక్రయ్య గారూ?” తలుపు వెనకనుంచి జాస్మిన్ వచ్చింది. చేతిలో చిన్న పిస్తోలు, కాళ్లకు అవే ఎత్తు చెప్పులు. తలుపు గడియ పెట్టింది. కరీమున్‌ను ఫ్లాపీలు తెమ్మని గుంటూరు పంపేశానంది. కుర్చీ చూపించింది. చేతులు కనపడేలా కీబోర్డు మీద పెట్టమంది.

“కీబోర్డు మీదా?” అన్నాడు జక్రయ్య.

“కొట్టుకోండి, ఏం కొట్టుకుంటారో. ముందున్న విండో మీది. వెనకున్నది నాది, పాస్‌వర్డ్ ఉంది. మీరు ముందు ఎంత గోల చేసినా వెనకది ఆగదు.”

ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది అతనికి. పుట్టినప్పటినుంచీ వింటున్నట్టే ఉంది. తెర మీద నలభై డిగ్రీలు అమాయకంగా వెలుగుతున్నాయి. జాస్మిన్ వంగి ఏదో కీ నొక్కింది, వెనక విండో ముందుకొచ్చింది. యాభై ఏడు. అరవై దాటితే గింజలో ప్రాణం ఉండదని ప్రెసిడెంటు గారే అందరికీ చెప్పేవాడు. చూస్తుండగానే యాభై ఎనిమిది అయింది. అద్దం అవతల ఎర్రలైటు మండుతోంది, ఫ్యాన్లు హోరుమంటున్నాయి. ఆ హోరు బయటి రైతులకు కమ్మగా వినిపిస్తూ ఉంటుంది, గింజ చక్కగా ఆరుతోందని.

కరీమున్ పెట్టె గుర్తొచ్చింది జక్రయ్యకు. విండో లోపల ఉంటే అది ఆ ఒక్క విండోనే ఆపుతుంది, జాస్మిన్ చెప్పిందే నిజం. కానీ ఆ పిల్ల దాన్ని లోపల పెట్టలేదు. 786 కింద పెట్టింది. జాస్మిన్ సాఫ్ట్‌వేర్ లేవకముందే అది లేచి కూర్చుంది. అంటే ఇది ఈవిడ ఇంట్లో అద్దెకున్న అల్లుడు కాదు, ఈవిడే తన ఇల్లు దీని నెత్తి మీద కట్టుకుంది. మనవాళ్లు పైన ఏం రాసుకుంటారో వీళ్లు నవ్వుకుంటారు గానీ దాని కింద ఏముందో రెండోసారి చదవరు.

యాభై తొమ్మిది.

“ఒక్క లెక్క చూసుకోనివ్వమ్మా” అన్నాడు.

“చూసుకోండి” అని నవ్వింది జాస్మిన్.

జక్రయ్య కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కాడు. మిరప గింజల మధ్య హాట్ కీ.

తెర మధ్యలోకి చిన్న లెక్కల పెట్టె దూకింది. అందులో సున్నా. దాని వెనక యాభై తొమ్మిది అలాగే బిగుసుకుపోయింది. మూలనున్న గడియారంలో సెకన్లు ఆగిపోయాయి. అద్దం అవతల ఎర్రలైటు ఆరింది. ఫ్యాన్ల హోరు సన్నగిల్లి, సన్నగిల్లి, నిశ్శబ్దమైపోయింది.

జాస్మిన్ నవ్వు కూడా ఆగింది, కానీ ఆమెది మంచి మెదడు, వెంటనే మళ్లీ నడిచింది. పిస్తోలు జక్రయ్య కణతకు ఆనించింది. “ఎస్కేప్ కొట్టు.”

“ఎస్కేప్ కావలసింది నీకు. నాకెందుకు?” అని, జక్రయ్య కీబోర్డును తీగతో సహా ఊడబెరికి ఆమె చేతి మీద వేశాడు. ఆ రోజుల్లో కీబోర్డు అంటే ఇటుక. ఉన్న కీలన్నీ ఒకేసారి ఆమె మణికట్టు మీద నొక్కుకున్నాయి. జక్రయ్య జన్మలో చేసిన మల్టీటాస్కింగ్ అదొక్కటే. పిస్తోలు ఎగిరి ఏసీ కింద పడింది.

ఈలోగా బయట కలకలం. మన ప్రాంతంలో ఫ్యాను తిరుగుతున్నంతసేపు ఇల్లు కూలినా ఎవరూ లేవరు. ఫ్యాను ఆగితే మాత్రం మనిషన్నవాడు కూర్చోలేడు. “కరెంటు పోయింది, కరెంటు పోయింది” అంటూ రైతులంతా లేచి షెడ్డులోకి వచ్చేశారు. గింజ ఆరే ఇనప బిన్ను మీద చెయ్యి వేసిన మార్క్ కెవ్వున చెయ్యి లాక్కున్నాడు. సున్నపు బట్టీ వేడి తెలిసిన చెయ్యి అది. ఎవరు చెప్పారని లేదు, బిన్నుల మూతలు తెరిచి, గోతాలు విప్పి పరిచి, గింజను నీడలో పల్చగా పోసి కాళ్లతో చాళ్లు తీయడం మొదలుపెట్టారు. కల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు అది వేరే నేర్పాలా.

జాస్మిన్ వెనక తలుపు తీసుకుని పరిగెత్తింది. ఆ దారిలో వేడిగాలి పైకి వచ్చే ఇనప కమ్మీల జాలీ ఉంది. ఉత్త కాళ్లతో వెళ్తే రెండు అంగల్లో దాటిపోయేది. వేలెడు మడమ కమ్మీల మధ్య దిగబడింది. లాగింది. ఇంకా దిగబడింది. చెప్పు పట్టీ బకిల్ విప్పుకోబోయేసరికి ఎదురుగా చేతిలో ఫ్లాపీల సంచీతో కరీమున్ నిలబడి ఉంది. గుంటూరులో షాపు మూసేసి ఉంటే తిరుగుదారిలో చిలకలూరిపేటలో కొనుక్కుని వచ్చేసిందట.

కరీమున్ ఆగిన ఫ్యాన్లను చూసింది, పరిచిన గింజను చూసింది, వెనక రొప్పుతూ వస్తున్న ఆనందరావు గారిని చూసింది. ఆ తర్వాత జాలీలో ఇరుక్కున్న కాలిని చూసింది.

“చెప్పులు బయట విడవమని బోర్డు ఉంది కదండీ” అంది.

*

ఆ రాత్రే పోలీసులు జాస్మిన్‌ను తీసుకెళ్లారు. వాడరేవులో దొర పడవకు తెడ్లు, ఇంజిను తాడు, లంగరు అన్నీ ఎవరో తీసి దాచేశారని, పడవ మధ్యలో కూర్చున్న దొరకు రెబ్కా పూటపూటా అన్నం పంపిందని, దానికి రసీదు కూడా ఇప్పించుకుందని తర్వాత తెలిసింది.

కొరివి గింజ బతికిందా లేదా అన్నది మాత్రం ఏ కంప్యూటర్ చెప్పలేదు. రైతులే గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి గడ్డివాములో పెట్టారు. కొన్నాళ్లకు ఆ మూటను మార్క్, జక్రయ్యల ముందు కరీమున్ విప్పింది. గుడ్డంతా తెల్లటి మొలకలు. మార్క్ గోతాం భుజాన వేసుకుని మడి వైపు పోయాడు. అన్నయ్య స్టాకు లెక్క తప్పకుండా చూసుకోబట్టే గింజ బతికిందని ఊళ్లో అందరికీ చెప్పాడు, పాపం.

చీఫ్ ఫోన్ చేశాడు. మూడు పనులూ ఒకేసారి అప్పగించబట్టే కేసు తేలిందని, మల్టీటాస్కింగ్ గొప్పతనం ఇప్పుడైనా అర్థమైందా అని అడిగాడు. తర్వాత గొంతు మార్చి, డిపార్టుమెంటు బూట్లు ఏవయ్యా అన్నాడు.

బూట్లు లేవు. ఆ గొడవలో తలుపు బయట నుంచి ఎవరో తొడుక్కుపోయారు. పోలీసులతో పాటు వెతికి తీరాలని, అది టాప్ ప్రయారిటీ అని, వెంటనే ఒక రిపోర్టు రాయాలని, మరో రెండు పనులు కూడా చెప్పి చీఫ్ పెట్టేశాడు.

ఆదివారం పర్చూరు చర్చిలో జక్రయ్య ఉత్త కాళ్లతో తమ్ముడి పక్కన కూర్చున్నాడు. పాస్టర్ గారు అందరినీ కళ్లు మూసుకోమని, విత్తనం దక్కినందుకు స్తోత్ర ప్రార్థన ఎత్తుకున్నారు. సరిగ్గా మధ్యలో, గుమ్మం అవతల విడిచిన చెప్పుల కుప్పలోంచి, ఎవరి చెప్పు ఎవరి బూటు మీద పడిందో గానీ, ఊరంతా లేచేటంత సైరన్ మొదలైంది. పిల్లలు కేకలు పెట్టారు. మార్క్ మోచేత్తో పొడిచాడు.

జక్రయ్య కళ్లు తెరవలేదు. ప్రార్థన అయ్యేదాకా ఇంకో పని పెట్టుకోడు.